గాజుల పేటలో గాజు కారు

మూడు నాలుగు తరాలుగా బెంగుళూరులో కాపురమున్న మన తెలుగు ఇళ్ళలో బళేపేట తొక్కకుండా జరిగిన పెండ్లి ఉండదనే చెప్పవచ్చును. పట్టుచీరకు చిక్కపేటకు పోయినా, పసుపుకొమ్ములకు గ్రంధిగె అంగడికి పోయినా, తిరుగుదారిలో గాజుల కోసం బళేపేటలో ఆగవలసిందే. కన్నడంలో బళె అంటే గాజు. కాబట్టి మన మాటలో ఇది గాజులపేట. 1537లో కెంపేగౌడ ఊరు కట్టించిన నాటి నుంచి ఇక్కడ వృత్తికొక పేట. నూనెగానుగ వారికి గాణిగరపేట, కుమ్మరులకు కుంబారపేట, బియ్యానికి అక్కిపేట, ప్రత్తికి అరళెపేట. పేర్లు నిలిచాయి, సరుకులు మాత్రం కొంత అటూ ఇటూ అయినాయి. నేడు బళేపేటలో గాజులకంటె హార్మోనియములూ తబలాలూ వీణలే ఎక్కువగా కంటబడతాయి.

గడచిన కార్తీకంలో, అంటే 2025లో, మేము అక్కడికి పోయినది గాజులకోసం కాదు, ఒక కారు సంగతి తేల్చుటకు.

మా మేనత్త వరస కాదు, మేనమామ గారి భార్య, ఆ అత్తయ్య బళేపేటలో ఒక వఠారంలో ఉంటుంది. ఆమె ఫోను చేసి, “నాయనా, వఠారం అమ్మేసినారు. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయాల. ఇల్లంటే చేస్తాను గానీ మీ మామ బండిని ఏం చేయమంటావు?” అని అడిగింది. మేము జవాబు చెప్పలేదు. ఆదివారం వస్తామని మాత్రం అన్నాము.

మా చిన్నతనంలో మెజెస్టిక్‌లో బస్సు దిగి నడిచి పోయేవారము. ఆ బస్సు స్టాండు ఉన్న చోటు ఒకప్పుడు ధర్మాంబుధి అనే చెరువు. 2017 జూనులో చిక్కపేట మెట్రో స్టేషను తెరచినప్పటి నుంచి ఆ నడక తప్పింది. భూమి లోపలి నుంచి మెట్లెక్కి పైకి వస్తే నేరుగా పేటలోనే తేలుతాము. ఆ ఉదయం ఒక అంగట్లో ఎవరో హార్మోనియం శ్రుతి చూస్తున్నారు. ఒకే మెట్టును పదేపదే నొక్కి, తల అడ్డంగా ఆడించి, మళ్ళీ నొక్కుతున్నారు. ఎదుటి అంగడి గోడకు వీణలు వ్రేలాడుతున్నాయి. మూటలు మోసేవారు “సైడ్, సైడ్” అంటూ మనలను ప్రక్కకు నెట్టి పోతున్నారు. ఇద్దరు మనుష్యులు ఎదురుపడితే ఒకరు ఒత్తిగిలవలసిన సందులు అవి. అటువంటి సందులో ముప్పది మూడేండ్లు ఒక మనిషి కారు ఉంచుకొన్నాడంటే నమ్మగలరా?

వఠారం వాకిలి దాటగానే కుడి ప్రక్కన, తులసికోటకూ నీళ్ళ తొట్టికీ మధ్య, అది నిలబడి ఉన్నది. గోనెపట్టాలు తీసి చూశాము. రెండే తలుపులు, గుండ్రని మూతి లేదు, పలక మొగము. రంగు పూర్వం ఎఱుపు, ఇప్పుడు కావిరంగు. పేరు డాల్ఫిన్. ఈ తరం పిల్లలకు ఆ పేరు తెలియదు. 1980ల మొదట్లో మన బెంగుళూరులోనే సిపాని వారు తయారుచేసిన కారు అది. ఇంగ్లండులో రిలయంట్ కంపెనీ వారు 1975లో తెచ్చిన కిట్టెన్ అనే చిన్న కారు దానికి మూలం. 848 సీసీల అల్యూమినియం ఎంజను. అడుగున ఇనుప చట్రం. పైన ఒళ్ళంతా ఇనుము కాదు, ఫైబర్ గ్లాసు. అంటే గాజునార. గాజును కరగించి వెంట్రుకకంటె సన్నని పోగులు తీసి, ఆ పోగులను చాపలా పరచి, రెసిన్ అనే జిగురుతో తడిపి అచ్చులో ఒత్తుతారు. ఆరితే గట్టిపడుతుంది, తుప్పు పట్టదు. ఇనుప రేకు వంచే భారీ అచ్చుల ఖర్చు లేకుండా కొద్ది సంఖ్యలో కార్లు చేయదలచిన వారికి అనువైన పద్ధతి. ఆ డాల్ఫిన్ తేలికగా ఉండుటచేత మోటారు పందెగాళ్ళు కూడ ఇష్టపడేవారు. కాని 1983 డిసెంబరులో మారుతి వచ్చింది. తరువాతి కథ అందరికీ తెలిసినదే.

మామ గారికి ఆ పేటలో చిన్న గాజుల అంగడి ఉండేది. ఫిరోజాబాదు నుంచి గడ్డిలో చుట్టిన గాజుల పెట్టెలు వచ్చేవి. ప్రతి దసరాకూ ఒక కొత్త రకం. ఒక ఏడు సన్నని గీతలు, మరొక ఏడు బంగారు చుక్క, ఇంకొక ఏడు చిలకపచ్చ. ఎవరైనా ముత్తయిదువ చేయి చాపితే చాలు, ఆ గాజులు ఏ ఏటివో ఆయన చెప్పేవాడు. “గాజు కొన్నది మూడేండ్ల కిందట. అప్పటినుంచి పగలనీయలేదు. జాగ్రత్త గలది,” అని మెచ్చుకొనేవాడు. 1989లో ఒక డాక్టరు గారి వద్ద ఈ కారును చవుకగా కొన్నాడు. గాజుల అంగడివానికి గాజు కారు అని పేటంతా నవ్వింది. మాకప్పుడు పదకొండేండ్లు. ఆ ఆగస్టులో లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు మమ్మల్ని అందులోనే తీసుకుపోయినాడు. వెనుక గాజుల పెట్టెలు ఉన్నాయి, గుంటలో పడ్డప్పుడల్లా గలగల మన్నాయి. నేటికీ ఆ చప్పుడు మా చెవిలో ఉన్నది.

అంతవరకు సరే. అత్తయ్య ఆ రోజు మా చేతికి ఒక పుస్తకం ఇచ్చింది. అంగడి లెక్కల పుస్తకం, ఎఱ్ఱ గుడ్డ అట్ట. “ఇందులో ఏముందో నాకు తెలియదు నాయనా. ప్రతి ఉగాదికీ రాసేవాడు,” అన్నది. మేము ఇరవై ఆరేండ్లుగా ఆఫీసులో చిట్టా ఆవర్జాలు చూచేవారము గనుక ముందుగా పేజీల ఏర్పాటు చూశాము. ఎడమ ప్రక్క అమెరికా, కుడి ప్రక్క బళేపేట.

విషయమేమంటే, మామ గారికి అవెన్యూ రోడ్డు పాత పుస్తకాలవాళ్ళ దగ్గర ఒక అమెరికా మోటారు పత్రిక దొరికింది. అందులో కార్వెట్ అనే పందెపు కారు కథ ఉన్నది. షెవ్రొలే వారి ఆ కారు కూడ గాజునారతో చేసినదే. ఇక ఆయన ఊరుకొనునా? కూడబలుక్కొని ఇంగ్లీషు చదివి, ఏ ఏట ఆ కారులో ఏ మార్పు జరిగినదో ఎడమ పేజీలో వ్రాసుకొన్నాడు. కుడి పేజీలో తన కారుకు ఆ ఉగాదికి తాను చేయించిన మార్పు. వారి 1953కు ఎదురుగా తన 1989. అట్లా ఏటికి ఏడు జత.

మొదటి పేజీ ఇట్లా ఉన్నది. ఎడమ: “1953. మొత్తం 300 బండ్లు. అన్నీ తెలుపే. లోపల ఎఱుపు. ఆరు సిలిండర్లు, 150 గుర్రాలు. రెండే గేర్లు, అవీ వాటంతట అవే మారును. తలుపుకు వెలుపల పిడి లేదు. అద్దం దింపుటకు లేదు.” కుడి: “1989. ఒక బండి. ఎఱుపు. నాలుగు గేర్లు. మనమే మార్చవలెను. పిడి ఉన్నది.” పిడి ఉన్నదన్న గర్వం చూడండి! ఆ 1953 కార్వెట్‌కు జనవరిలో న్యూయార్కులో ఒక ప్రదర్శనలో నమూనా చూపి, జూను 30కల్లా ఫ్లింట్ అనే ఊళ్ళో తయారీ మొదలుపెట్టినారు. గాజునార కాకపోతే అంత త్వరగా అయ్యేది కాదు. ధర 3,498 డాలర్లు. యుద్ధంలో వాడే చిన్న ఓడ పేరు దానికి పెట్టినారు.

మొదటి రెండేండ్లు ఆ కారు దెబ్బతిన్నది. 1954లో 3,640 చేస్తే ఏడాది చివర వెయ్యికి పైగా అమ్ముడుపోక నిలిచినాయి. 1955లో 700 మాత్రమే చేసినారు. ఆ ఏడే ఫోర్డు వారి థండర్‌బర్డ్ 16,000కు పైగా అమ్మింది. ఇక మూసివేస్తారనుకొన్న సమయంలో కారును నిలబెట్టినవి రెండు. ఒకటి 1955లో వచ్చిన ఎనిమిది సిలిండర్ల ఎంజను. రెండవది జోరా ఆర్కస్ డంటోవ్ అనే ఇంజనీరు పట్టుదల. రష్యా దంపతులకు బ్రస్సెల్సులో పుట్టిన ఆయన ఆ కారును ప్రదర్శనలో చూచి మోజుపడి, ఆ కంపెనీలోనే ఉద్యోగంలో చేరినాడు. 1956లో పైకీ క్రిందికీ దిగే అద్దాలు, వెలుపలి పిడి వచ్చినాయి. 1957లో పెట్రోలును సూటిగా చిమ్మే ఏర్పాటు వచ్చి, 283 ఘనపుటంగుళాల ఎంజను 283 గుర్రాల బలం ఇచ్చింది. అంగుళానికి ఒక గుర్రమన్నమాట. ఈ పేజీకి ఎదురుగా మామ గారి 1993: “కార్బురేటరు విప్పి కిరసనాయిలుతో కడిగితిని. ఒక గుర్రము పెరిగినట్లు తోచుచున్నది.”

మాకు నవ్వు ఆగలేదు. అత్తయ్య కూడ నవ్వింది, ఆమెకు చదువు రాకపోయినా.

1958లో అమెరికా వారు ముందర రెండు దీపాలకు నాలుగు పెట్టి, ఎంజను మూత మీద గాలి పోని ఉత్తుత్తి చీలికలు తీర్చి, వెనుక మూత మీద రెండు తళతళ పట్టీలు అతికించినారు. మరుసటి ఏడు ఆ చీలికలూ పట్టీలూ తీసివేసినారు. మామ గారు దాన్ని తు.చ. తప్పక పాటించినాడు. “1994. జె.సి. రోడ్డులో రెండు పసుపు దీపాలు కొని ముందర తగిలించితిని. 1995. తీసివేసితిని. బ్యాటరీ ఓర్చదు.” 1963 పేజీ మరీ చిత్రం. ఆ ఏడు కారు రూపు పూర్తిగా మారి స్టింగ్ రే అయినది, వెనుక చక్రాలు రెండూ దేనికది విడిగా ఎగిరి దిగే ఏర్పాటు వచ్చింది, ముందరి దీపాలు ముడుచుకొనే రెప్పలయినాయి. రూపశిల్పి బిల్ మిచెల్ వెనుక అద్దాన్ని నడుమ ఒక దండెతో రెండుగా చీల్చినాడు. వెనుక వచ్చే బండి కనబడదని డంటోవ్ పోరాడినాడు. మిచెల్ వినలేదు. 1964లో ఆ దండె పోయింది. అప్పట్లో కొందరు తమ 1963 కారు దండెను కోయించి కొత్త అద్దం వేయించుకొన్నారట. ఇప్పుడేమో ఆ చీలిన అద్దపు కారుకే ఎక్కడలేని గిరాకి. మామ గారి 1999: “వెనుక అద్దంపై అంగడి పేరు పెద్ద అక్షరాలతో వ్రాయించితిని.” 2000: “గీకివేసితిని. ఆటోకు తగిలించితిని. ఎడమ మూల చీలినది.”

ఆ చీలిక నేటికీ ఉన్నది, ఎడమ వెనుక మూలన, జానెడు పొడుగు. గాజునార సొట్ట పడదు, పగులుతుంది. పైపైన రంగు పూసి ఊరుకొన్నాడు పాపం.

తరువాతి పేజీలు త్వరగా తిప్పాము. 1965లో నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు, 1973, 74లలో ముందూ వెనుకా తళతళ బంపర్లు పోయి గుద్దితే అణిగేవి, 1975లో పొగ చట్టాలవల్ల ఎంజను బలం 165 గుర్రాలకు దిగుట, మూత తెరచే రకం ఆగిపోవుట, 1981లో తయారీ కెంటకీ రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్‌కు మారుట. ఎదురుగా మామ గారి చేతిపని: హ్యాండు బ్రేకు తీగ, సీటుకు కొత్త రెక్సిను, హారను. 2015లో అంగడి అమ్ముకొన్న సంగతి కూడ ఒక్క ముక్కలో ఉన్నది: “ఇక వెనుక సీటు ఖాళీ.”

ఆ పైన 1983 వచ్చింది. ఎడమ: “ఈ ఏడు బండి లేదు. కొత్తది సిద్ధము కాలేదు. తప్పులతో అమ్ముటకంటె ఆగుట మేలని ఆగిరి. పరీక్షకు 43 చేసి ఒక్కటి ఉంచిరి.” ఇది నిజమే. ఆ ఒక్కటి నేడు బౌలింగ్ గ్రీన్ మ్యూజియములో ఉన్నది. కుడి: “2019.” అంతే. క్రింద ఒక అక్షరం లేదు.

2019 మాఘంలో మా చెల్లెలి పెండ్లి. పెండ్లికూతురును గంపలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చే హక్కు మేనమామది గదా. నెల ముందుగానే మామ గారు మా ఇంటికి వచ్చి, “అప్పా, ఇంటి నుంచి సత్రానికి పాపను నా బండిలో తెస్తాను. పూలు కట్టిస్తాను,” అన్నాడు. మేము అన్న మాట ఇప్పుడు వ్రాయుటకు సిగ్గుగా ఉన్నది. “వద్దు మామా, వియ్యాలవారు నవ్వుతారు. పెద్ద కారు మాట్లాడినాము,” అన్నాము. “అవునప్పా, నిజమే,” అన్నాడు. పెండ్లినాడు సిటీ బస్సులో, ఒడిలో ఖాళీ గంప పెట్టుకొని వచ్చినాడు. గంప ఎత్తే వేళకు ఎత్తినాడు, అక్షింతలు వేసినాడు, భోజనం చేసి వెళ్ళినాడు.

రిజిస్ట్రేషను పుస్తకం తీసి చూశాము. ఆ 2019లోనే, పెండ్లికి పది రోజుల ముందు, ఆయన బండిని తనిఖీ చేయించి అయిదేండ్లకు గడువు పొడిగించుకొని ఉన్నాడు. డబ్బు కట్టిన రసీదు లోపల మడిచి ఉన్నది. పుస్తకంలో మాత్రం వ్రాయలేదు. మా యింటావిడ ఆ పేజీ చదివి మా మొగం వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

తరువాత మూడు పేజీలే. 1984కు ఎదురుగా 2020: “బయటికి పోరాదు. రోజూ ఒకసారి ఎంజను త్రిప్పితిని.” 2021: “అదే.” 1986లో అమెరికా బండికి చక్రం జారనీయని బ్రేకులు వచ్చినాయి. ఎదురుగా 2022: “బ్రేకు కాలికి అందుట లేదు. బండి తప్పు కాదు.” ఆ ఆషాఢంలోనే ఆయన పోయినాడు.

మధ్యాహ్నం గుజరీవాడు వచ్చినాడు. వ్రేలితో కొట్టి చూచినాడు, డబడబ మన్నది. “ఇందులో ఇనుమెక్కడ స్వామీ?” అన్నాడు. పాత కారుకు ధర ఇనుప తూకాన్ని బట్టి. గాజునార కరగదు, తిరిగి పోతకు పనికిరాదు. ఎంజనులోని అల్యూమినియమూ క్రింది చట్రమూ తీసుకొని కొద్ది డబ్బు ఇస్తాడట, పై ఒళ్ళు మాత్రం ఇక్కడే వదలి పోతాడట. అత్తయ్య చాలసేపు మాటలాడలేదు. చివరకు, “ఎముకలు తీసుకొని ఒళ్ళు నాకు వదిలేస్తాడా? వద్దులే,” అన్నది. గుజరీవాడు మంచివాడే, కోపపడక మజ్జిగ త్రాగి వెళ్ళినాడు.

అప్పుడు మాకు ఉదయం చూచిన వీణల అంగడి గుర్తుకు వచ్చింది. వీణకు నేడు కట్టెపెట్టెలు తక్కువ, ఫైబరు పెట్టెలే ఎక్కువ. ఆ పెట్టెలు చేసే ఆయనను పిలిచి చీలిక చూపినాము. గోరుతో గీరి, వంగి లోపలి వైపు తడిమి చూచినాడు. “వీణ కుండ వంపుకంటె ఇది సులువండీ. లోపల రెండు చాపలు వేస్తే సరి,” అన్నాడు. తరువాతి రెండు ఆదివారాలు ఆ వఠారమంతా రెసిన్ వాసన. ఆయన చీలికను ఇంకా వెడల్పుగా గీరినప్పుడు మాకు ప్రాణం గుబుక్కుమన్నది. అట్లా గీరకపోతే జిగురు లోపలికి పట్టదట. మామ గారు ఇరవై రెండేండ్ల పాటు పైన రంగు పూసినది ఇదే.

ఇక కాగితాలు. వారసత్వంగా బండిని పేరు మార్చుకొనుటకు 31వ నమూనా ఫారము, గడువు పొడిగించుటకు 25వది. ఆలస్యానికి జుల్మానా వేరే. మాకు వచ్చిన విద్య అదొక్కటే కనుక దాన్ని శ్రద్ధగానే చేశాము. పెట్రోలు తొట్టి లోపల తుప్పు పట్టి ఉండుటచే ఎంజను ఇంకా కదలలేదు. నెలాఖరు రాత్రి, పేటలో మూటల బండ్లు తగ్గిన తరువాత, నలుగురము త్రోసి సందు మొదటి వరకు తెచ్చి చిన్న లారీ మీదకు ఎక్కించినాము. అర టన్నుకు కాస్త పైగా బరువు. ఇనుప కారయితే నలుగురి వల్ల అయ్యేది కాదు. అత్తయ్య చక్రాలకు నిమ్మకాయలు పెట్టించి, లారీ ముందు సీటులో కూర్చున్నది. ఒడిలో గంప ఉన్నది, అదే గంప, దానిలో దేవుని పటాలు.

మా ఇల్లు శ్రీరామపురంలో. స్కూటర్లు పెట్టుకొనే చోట డాల్ఫిన్ ఇప్పుడు ఇముడుకొని ఉన్నది, స్కూటర్లు వీధిలో ఉన్నాయి. అత్తయ్య ముందరి గదిలో ఉంటుంది. మా చెల్లెలు పిల్లవానితో వచ్చి చూచి, తలుపు పిడి పట్టుకొని కొంతసేపు నిలబడింది.

ఆ రాత్రి లెక్కల పుస్తకం మళ్ళీ తీశాము. ఎడమ ప్రక్క మామ గారు ముందుగానే 1996 దాకా వ్రాసి ఉంచినాడు. 1989 పేజీలో “ఆరు గేర్ల పెట్టె వచ్చినది” అని ఉన్నది. ఎదుటి పేజీ ఖాళీ. కలం తీసుకొని, ఆయన అక్షరాల ప్రక్కన మా అక్షరాలు అంత కుదురుగా లేకపోయినా, “2025. ఎడమ మూల లోపలినుంచి అతికించితిమి. చిరునామా మారినది” అని వ్రాశాము.